ఆర్మీ హెలికాప్టర్‌నే నౌక మీద కూడా వాడొచ్చు కదా, వేరేది ఎందుకు?

మీరు అడిగినవి రెండు. గాల్లో ఎగరడం ఎక్కడైనా ఒకటే అయినప్పుడు సైన్యానికి ఒక రకం హెలికాప్టర్, నౌకాదళానికి ఇంకో రకం ఎందుకు? ఈ రెండింట్లో ఏది ఎక్కువ కష్టం? నేను నౌకాదళంలో హెలికాప్టర్ మెయింటెనెన్స్‌లో పదకొండేళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం నౌకల మీదే గడిచింది. సముద్రం సంగతి నా చేతులతో చేసిన పనిలోంచి చెబుతాను. నేల సంగతి మాతో కలిసి పనిచేసిన సైన్యం పైలట్ల దగ్గర విన్నది, ఇష్టం కొద్దీ చదివింది.

తేడా అంతా ఆయుధాల్లో ఉందని చాలామంది అనుకుంటారు. ఆయుధాలదేముంది, ఒకటి విప్పి ఇంకొకటి బిగించుకోవచ్చు. అసలు తేడా అది తిరిగొచ్చి దిగే చోటులో ఉంది.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ అమెరికా సైన్యం వాడే బ్లాక్‌హాక్, నౌకాదళం వాడే సీహాక్. రెండూ సికోర్‌స్కీ కంపెనీ తయారీయే, ఒకే కుటుంబం. బ్లాక్‌హాక్ మొదటిసారి ఎగిరింది 1974లో, దాన్నుంచి పుట్టిన సీహాక్ 1979లో. రెండింటి ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని వెనక చక్రం ఎక్కడుందో చూడండి. బ్లాక్‌హాక్‌కి తోక చివర ఉంటుంది. ఎగుడుదిగుడు నేల మీద ముక్కు పైకెత్తి గబుక్కున దిగేటప్పుడు తోక నేలకి కొట్టుకోకుండా ముందు ఆ చక్రమే ఆనుతుంది. సీహాక్‌కి అదే చక్రాన్ని దాదాపు నాలుగు మీటర్లు ముందుకి, పొట్ట కిందికి జరిపారు. యుద్ధనౌక వెనక ఉండే చిన్న డెక్ మీద అంత పొడవున చక్రాలు ఆనించే చోటు ఉండదు మరి. దాని బ్లేడ్లు వెనక్కి మడుచుకుంటాయి, తోక కూడా పక్కకి మడుచుకుంటుంది. అలా మడవకపోతే నౌక మీద దాన్ని ఉంచే షెడ్డులో, అంటే హ్యాంగర్‌లో పట్టదు. ఒక్క చక్రం చోటు చూస్తే చాలు, ఆ యంత్రం ఎవరి కోసం తయారైందో చెప్పేయొచ్చు.

రష్యాలో కామోవ్ వాళ్లు ఇదే సమస్యని ఇంకోలా పరిష్కరించారు. ఒకదాని మీద ఒకటిగా రెండు రోటర్లు (గిర్రున తిరిగే బ్లేడ్ల చట్రాలు) పెట్టి, వాటిని ఎదురెదురు దిశల్లో తిప్పారు. దాంతో తోక రోటరే అక్కర్లేకుండా పోయింది, హెలికాప్టర్ పొట్టిగా వచ్చింది. ఇరుకు డెక్ మీద తోక రోటర్ లేకపోవడం ఎంత హాయో అక్కడ పనిచేసినవాళ్లకే తెలుస్తుంది.

ఇక డెక్ మీద దిగడం. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను. నౌక ముందుకి పోతూనే ఉంటుంది, రెండు పక్కలకీ ఒరుగుతూ ఉంటుంది, వెనక భాగం అలతో పాటు లేచి పడుతూ ఉంటుంది. హ్యాంగర్ గోడకీ, తిరిగే బ్లేడు కొసకీ మధ్య ఉండేది కొద్ది మీటర్లే. పైలట్ ముందు డెక్ పక్కన, నౌక వేగంతో సమానంగా గాల్లో నిలబడతాడు. అలలు అన్నీ ఒకే ఎత్తున రావు. నాలుగైదు పెద్దవి వచ్చి వెళ్లాక కొద్ది సెకన్ల పాటు నౌక కుదురుగా ఉంటుంది. అందరి కళ్లూ ఆ కొద్ది సెకన్ల కోసమే చూస్తుంటాయి. అవి రాగానే డెక్ మీదికి జరిగి దించేయాలి, అదీ గట్టిగా దించాలి. సుతారంగా దించుదామని ఒక్క క్షణం ఆగితే డెక్ లేచి ఎదురొచ్చి కొడుతుంది.

చక్రాలు ఆనాక మా వంతు. రోటర్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. రెండు పక్కల నుంచీ వంగి పరిగెత్తి, హెలికాప్టర్‌కి గొలుసు తగిలించి, రెండో కొసని డెక్‌లోని కొక్కేనికి వేసి బిగించాలి. నా రెండో ఏడాదిలో ఒక రాత్రి సముద్రం బాగా పోటెత్తి ఉంది. డెక్ తడిసి నున్నగా ఉంది. గొలుసు ఒక కొస తగిలించి రెండోది కొక్కేనికి వేయబోతుంటే నౌక నా వైపు ఒరిగింది. ఆ చక్రం జానెడు మేర నా వైపు జారడం నేను కళ్లారా చూశాను. ఆ చప్పుడులో అరుపులేవీ వినపడవు. అవతలి పక్క వాళ్లు అప్పటికే తమ గొలుసు బిగించేశారు, అందుకే అది అక్కడితో ఆగింది. గొలుసు వేసి బయటికి వచ్చాక చూసుకుంటే నా గ్లవ్ అరచేతి దగ్గర చిరిగి ఉంది. ఎప్పుడు చిరిగిందో ఇప్పటికీ గుర్తు రాదు.

ఈ కష్టం తప్పించడానికే 1960లలో కెనడా నౌకాదళం బేర్‌ట్రాప్ అనే పద్ధతి తెచ్చింది. సీకింగ్ లాంటి బరువైన హెలికాప్టర్‌ని డిస్ట్రాయర్ అనే చిన్నపాటి యుద్ధనౌక మీద దించాలని వాళ్ల పట్టుదల. గాల్లో ఉన్న హెలికాప్టర్ నుంచి సన్నని తీగ వదులుతారు. దాని సాయంతో నౌకలోని వించ్ (తీగని చుట్టి లాగే యంత్రం) తాలూకు లావు తీగని పైకి లాక్కుని బిగించుకుంటుంది. అప్పుడు వించ్ దాన్ని మెల్లగా కిందికి లాగుతుంది. డెక్‌ని తాకగానే పొట్ట కిందున్న కడ్డీని ఇనుప దవడలు పట్టేస్తాయి.

రెండో శత్రువు ఉప్పు. గాల్లో తక్కువ ఎత్తులో నిలబడి పనిచేసిన హెలికాప్టర్ తిరిగొచ్చాక అద్దం మీద వేలితో గీస్తే తెల్లటి పొర కనపడేది. అదే పొర ఇంజన్ లోపలి బ్లేడ్ల మీదా, వైర్ల జాయింట్లలోనూ ఉంటుంది. అందుకే దిగిన వెంటనే మంచినీళ్లతో పైనంతా కడగాలి, ఇంజన్‌లోకీ నీళ్లు పంపి శుభ్రం చేయాలి. బరువు తగ్గించడానికి గేర్‌బాక్స్ పైడొప్పల్ని మెగ్నీషియం మిశ్రమ లోహంతో చేయడం మామూలు. ఆ లోహానికి ఉప్పు పడదు. రంగు మీద గోరంత బుడిపె లేస్తే, గీకి చూస్తే కింద బూడిదలాంటి పొడి రాలేది. అలాంటిది కనపడిన రోజు ఆ హెలికాప్టర్ ఎగరదు, అంతే. నేల మీద పనిచేసిన నా స్నేహితులకి ఈ రోజువారీ కడుగుడు అర్థమయ్యేది కాదు. వాళ్ల బాధ ఇసుక. ఎడారిలో బ్లేడు అంచుకి ఉండే లోహపు పట్టీని ఇసుక రాపిడి అరగదీస్తుంది. రాత్రి పూట ఆ రాపిడికి పుట్టే మెరుపులు రోటర్ చుట్టూ వలయంలా కనిపిస్తాయి.

సముద్రంలో హెలికాప్టర్ చేసే పనుల్లో జలాంతర్గామిని వెతకడం నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది. నీటికి కొద్ది మీటర్ల పైన నిలబడి, తీగకి వేలాడే సోనార్‌ని, అంటే శబ్దంతో నీటి లోపలున్నవాటిని పసిగట్టే పరికరాన్ని, నీళ్లలోకి దించుతారు. విని, పైకి లాగి, ఇంకో చోటికి ఎగిరి మళ్లీ దించుతారు. నౌక ఎటు పోతుందో జలాంతర్గామి తన సోనార్‌తో వినగలదు, ఈ సోనార్ తర్వాత ఎక్కడ మునుగుతుందో మాత్రం దానికి అంతుపట్టదు. దొరికితే నీళ్లలో దూసుకుపోయే ఆయుధం టార్పెడోని వదులుతారు. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో, ఏప్రిల్ 25న, సౌత్ జార్జియా దగ్గర నీటి పైకి తేలి ఉన్న అర్జెంటీనా జలాంతర్గామి శాంటా ఫేని బ్రిటిష్ వెసెక్స్ హెలికాప్టర్ డెప్త్ చార్జీలతో, అంటే నీటి లోపల పేలే బాంబులతో, దెబ్బతీసింది. ఆ తర్వాత లింక్స్, వాస్ప్ హెలికాప్టర్లూ దాడిలో చేరాయి. అదే యుద్ధంలో బ్రిటిష్ నౌక షెఫీల్డ్‌కి క్షిపణి తగిలాక, దూరం నుంచే ముప్పుని పసిగట్టే కన్ను ఆకాశంలో లేకపోవడం ఎంత లోటో బ్రిటన్‌కి అర్థమైంది. హడావుడిగా సీకింగ్ పక్కన పెద్ద రాడార్ తగిలించి ఆ పని అప్పగించారు. నౌక రాడార్‌కి భూమి వంపు అడ్డం, ఎత్తుకి వెళ్లిన హెలికాప్టర్ దాన్ని దాటి చూస్తుంది.

నేల మీద హెలికాప్టర్ ఎత్తుకి పోదు, చెట్ల చాటున దాక్కుంటుంది. దాడి హెలికాప్టర్ అపాచీ లాంగ్‌బోకి రాడార్ రోటర్ పైన గుమ్మటంలా ఉండేది అందుకే. ఒళ్లంతా చెట్ల వెనకే ఉంచి తల మాత్రం పైకి పెట్టి చూడొచ్చు. దాని ముక్కు కింద ఉన్న 30 మిల్లీమీటర్ల తుపాకీ హెల్మెట్ పెట్టుకున్న మనిషి తల ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. షినూక్ అనే పెద్ద హెలికాప్టర్ సంగతి వేరు, దానిది మోత పని, మనుషులూ ఫిరంగులూ ఆహారమూ అన్నీ. నేల మీద నాకు ఎక్కువ గౌరవం కలిగించేది మాత్రం గాయపడినవాళ్లని తీసుకురావడం. యుద్ధంలో హెలికాప్టర్‌తో మొదటిసారి మనుషుల్ని కాపాడింది 1944 ఏప్రిల్‌లో, బర్మాలో. కార్టర్ హార్మన్ అనే అమెరికన్ పైలట్ సికోర్‌స్కీ ఆర్-4 రకం హెలికాప్టర్‌తో శత్రువుల వెనక చిక్కుకున్న నలుగురిని బయటికి తెచ్చాడు. అందులో పట్టేది ఒక్కరే. ఒక్కొక్కరి కోసం మళ్లీ మళ్లీ అదే చోటికి వెళ్లాడు.

సముద్రపు యంత్రాన్ని నేల మీదికి పంపితే ఏమవుతుందన్నదానికి చరిత్రలో బాధాకరమైన జవాబు ఉంది. 1980 ఏప్రిల్‌లో ఇరాన్‌లో బందీలుగా ఉన్న తమ వాళ్లని విడిపించడానికి అమెరికా నిమిట్జ్ నౌక నుంచి ఎనిమిది ఆర్‌హెచ్-53డి హెలికాప్టర్లని పంపింది. అవి అసలు సముద్రంలో మైన్లు (నౌకల్ని పేల్చడానికి పెట్టే బాంబులు) ఏరే హెలికాప్టర్లు. దూరం ఎగరగలవని, నౌకలో మడిచి పెట్టుకోవచ్చని వాటిని ఎంచుకున్నారు. దారిలో ఒకదానికి బ్లేడులో పగులు ఉందన్న హెచ్చరిక వచ్చింది, ఒకటి ధూళి మేఘంలో వెనక్కి తిరిగింది, ఒకటి హైడ్రాలిక్స్ చెడి చేరింది. కనీసం ఆరు కావాలి, ఐదే మిగిలాయి. పని ఆపేసి వెనక్కి బయల్దేరుతుంటే ఒక హెలికాప్టర్ రవాణా విమానానికి తగిలి ఎనిమిది మంది చనిపోయారు. తప్పు యంత్రానిది ఒక్కదానిదే కాదు, ధూళి పాత్ర కూడా చాలా ఉంది. దాని గురించి చదివినప్పుడల్లా ఆ మెయింటెనెన్స్ వాళ్లకి ఆ రాత్రి ఎలా గడిచి ఉంటుందో అనుకుంటాను.

అటు నుంచి ఇటు రావడం కుదరదని కాదు. 2011లో బ్రిటిష్ సైన్యం అపాచీలు ఓషన్ నౌక నుంచి లేచి లిబియాలో దాడులు చేశాయి. కానీ దానికి ముందు డెక్ మీద శిక్షణ కావాలి, ఉప్పు నుంచి కాపాడే ఏర్పాట్లు కావాలి. ఇంకోటి, నీళ్లలో పడితే ఏం చేయాలో తెలియాలి. హెలికాప్టర్‌కి ఇంజన్లూ గేర్‌బాక్సూ నెత్తి మీద ఉంటాయి, అందుకే నీళ్లలో పడగానే తలకిందులవుతుంది. దానికి ట్రైనింగ్ ఈత కొలనులో ఇస్తారు. ఒక డొల్ల క్యాబిన్‌లో కూర్చోబెట్టి నీళ్లలో ముంచి తిప్పేస్తారు. ఒక చెయ్యి కిటికీ అంచు మీద ఉంచి, తిరగడం ఆగేదాకా బెల్టు విప్పకూడదు. ముందే విప్పితే పైకి ఏదో కిందికి ఏదో తెలియదు. మొదటిసారి నేను ముందే విప్పేశాను. డైవర్ నన్ను భుజం పట్టి బయటికి లాగాడు.

ఏది కష్టం అన్న మీ రెండో ప్రశ్న. మా డెక్ మీద కొన్నాళ్లు సాధన చేయడానికి ఒక సైన్యం పైలట్ వచ్చారు. నా కన్నా పెద్దవారు, ఎడారిలో చాలా ఏళ్లు ఎగిరినవారు. ఒక సాయంత్రం గొలుసులు బిగించాక అడిగాను, "సర్, ధూళిలో నేలే కనపడదు కదా, ఎలా దించుతారు?" "ఒక రాయో పొదో చూసుకుంటాను. చక్రాలు ఆనేదాకా దాని మీద నుంచి చూపు తీయను" అన్నారు. మరి ఇక్కడ మొదటి రోజు ఏమైందని అడిగాను. అలవాటు కొద్దీ డెక్ మీద గీతని చూస్తూ దిగబోయారట. డెక్ లేస్తే తనూ లేస్తున్నారు, పడితే తనూ పడుతున్నారు, దిగడం కుదరలేదు. పక్కనున్న మా పైలట్ గట్టిగా చెప్పాక హ్యాంగర్ మీదున్న లైట్ల కడ్డీ వైపు చూపు తిప్పారు. నౌక ఎంత ఊగినా ఆ కడ్డీ మాత్రం దిగంతంతో సమంగా నిలిచి ఉంటుంది.