ఊ కొట్టి పోతరు గానీ మారరు: అక్కను అడుగుండ్రి

ప్రశ్న: అక్కా నమస్తే, నేను దేవరకొండ దిక్కు ఒక పల్లె దవాఖానల నర్సును. బీపీ, షుగర్ గోలీలకు నెలనెల వచ్చేటోళ్లకు ఉప్పు తగ్గించుండ్రి, అన్నం తగ్గించుండ్రి, నడువుండ్రి అని చెప్పి చెప్పి నోరు నొస్తంది. అందరు ఊ కొడతరు, మళ్ల నెల చూస్తే బీపీ గట్లనే. మొన్న ఒక పెద్దాయనైతే "పొద్దంత పత్తి చేన్ల తిరిగేటోనికి నడక నువ్వు నేర్పుతవా బిడ్డా" అన్నడు, లైన్ల ఉన్నోళ్లంత నవ్విండ్రు. నాకు చెప్పుడు రాదా, వాళ్లకు వినుడు రాదా?

జవాబు: పెద్దాయన అన్నదాంట్ల తప్పేముంది చెల్లె? వారానికి 150 నిమిషాలు ఒళ్లు కదలాలె అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క, పత్తి సీజన్ల ఆయనకు రెండు దినాల్లనే అయిపోతుండొచ్చు. చేన్ల పని లేని ఎండకాలం ఏం జేస్తున్నడో అడిగితే అప్పుడు నడక ముచ్చట పనికొస్తది. ముందుగాల అడుగుడు, తర్వాతనే చెప్పుడు.

విలియం మిల్లర్ అని ఒక సైకాలజిస్ట్ 1983ల తాగుడు సమస్య ఉన్నోళ్లతోని మాట్లాడే పద్ధతి ఒకటి రాసిండు, మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటరు, తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తోని కలిసి దాన్ని పెంచిండ్రు, ఇప్పుడు బీపీ, షుగర్, బీడీ అన్నిటికి వాడుతున్నరు. అండ్ల ఉన్న సంగతి మనకు తెలిసిందే, మనం మానుమని ఎంత ఒత్తితే అవతలోడు ఎందుకు మానలేనో అంత గట్టిగ చెప్తడు. అదే "పెద్దయ్యా, బీపీ తగ్గితే నీకేం బాగైతదనుకుంటున్నవ్" అని అడిగి ఊకుంటే కారణం ఆయన నోట్లకెళ్లే వస్తది. ఊకునుడే కష్టం, మనకు నాలుక ఆగదు.

ఉప్పు సంగతే తీస్కో. రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా, అని చెప్తే ఇంట్ల ఎవరు కొలుస్తరు? "నిన్న పొద్దుగాల నుంచి రాత్రి దాక ఏమేం తిన్నవ్" అని అడుగు. పొద్దుగాల సద్దన్నంల మామిడికాయ తొక్కు, పగటీలి పచ్చిపులుసు, మళ్ల తొక్కు, సాయంత్రం హోటల్ కాడ మిర్చీలు, రాత్రి సల్లల ఇంత ఉప్పు. ఇగ దొరికింది కదా ఉప్పు ఎక్కడుందో! అయితే "తొక్కు బందువెట్టు" అనకు. ఇండ్ల ఏది తగ్గిస్తవ్ అని ఆయన్నే అడుగు, పొద్దటి తొక్కు మానుత అన్నడనుకో, రిజిస్టర్ల గదే రాసుకో, మళ్ల నెల రాంగనే ఫస్ట్ గదే అడుగు. ఒక్కటి చాలు. వండేది పెద్దమ్మ అయితే ఆమెను గూడ ఒకసారి తోల్కరమ్మను, లేకుంటె నువ్వెంత చెప్పినా కూరల ఉప్పు వడుడు వడ్తనే ఉంటది.

పోయేముందు "అర్థమైందా" అని అడగకు, అందరు అయిందనే అంటరు. "నేను సక్కగ చెప్పిన్నో లేదో, ఇంటికి పోయి పెద్దమ్మకు ఏం చెప్తవో నాకోసారి చెప్పు" అను. తేడా అక్కడ్నే బయటపడ్తది.

ఇంకోటి, బీపీ పట్టీ కట్టి ఉన్నప్పుడు ముచ్చట పెట్టకు, మాట్లాడితే రీడింగ్ ఎక్కువొస్తది. ఐదు నిమిషాలు కూసోబెట్టి, చూసినంక మాట్లాడు. లైన్ పెద్దగుంటె టైం ఎక్కడిది అంటవేమో, పది మాటలు చెప్పేకాడ రెండు అడిగితే టైం మిగుల్తది గానీ పోదు.

ప్రశ్న: మా మామయ్యకు కల్లు, బీడీ రెండు ఉన్నయ్. దవాఖానల సిస్టర్ అందరి ముందట "ఇట్లనే తాగు, సచ్చిపోతవ్" అన్నదని అటు దిక్కు పోవుడే మానేసిండు. ఏం జెయ్యాలె? (జడ్చర్ల)

జవాబు: ఆమె మంచికే అన్నదేమో గానీ అన్న తీరు మంచిగ లేదు, గసొంటి మాట పక్కకు పిలిచి మెల్లగ చెప్పాలె. ఇంకో సిస్టర్ ఉన్న రోజు మీరే ఎంబడి తోల్కపోండ్రి. బీడీ మానుతందుకు 1800-11-2356 అని సర్కారు ఫ్రీ నంబర్ ఉంది, ఆయన తయారైనప్పుడే ఆయనతోనే చేపియ్యండ్రి.

కల్లు మాత్రం పైలం. మన దిక్కు కల్తీ కల్లుల అల్ప్రాజోలం, డైజిపామ్ అసొంటి నిద్ర మత్తు మందులు కలుపుతరు, ఏండ్లకేండ్లు తాగినోడు ఎవరో తిట్టిండ్రని ఒక్కసారే బంద్ జేస్తే వణుకుడు, నిద్ర పట్టకపోవుడు, లేనిపోనిది మాట్లాడుడు, ఫిట్స్ గూడ రావొచ్చు, పానం మీదికొస్తది. అందుకే డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పి ఆయన చూపుల పెట్టే మానిపియ్యాలె. ఈ ముచ్చట నర్సులు గూడ ఎర్క పెట్టుకోవాలె, "రేపట్నుంచే బంద్" అని ఆర్డర్ వేసుడు అన్నిసార్లు మంచిది కాదు.

ప్రశ్న: షుగర్ ఉంది. అన్నం మాని జొన్నరొట్టె తినుమన్నది సిస్టర్. కడుపునిండ తినొచ్చా? (నకిరేకల్)

జవాబు: రొట్టె మంచిదే, పీచు ఉంటది, కానీ అండ్ల గూడ పిండి పదార్థమే కదా, ఐదారు తింటే షుగర్ పెరుగుతది. రొట్టెలు తక్కువ, ఆకుకూర, పప్పు ఎక్కువ. మీకెన్ని సరిపోతయో మీ రీడింగ్ చూసి ఆ సిస్టర్‌నే అడుగుండ్రి, అన్నం మానిన కదా అని గోలీలు మాత్రం మానకుండ్రి.