తెల్ల బొద్దింక గాలికే గట్టిపడిందా?

ప్రశ్న: మాస్టారూ, రాత్రి సింకు కింద పాలలా తెల్లని బొద్దింక కనిపించింది. కొత్త జాతేమో అనుకుని సీసాలో పెట్టాను. తెల్లారేసరికి గోధుమ రంగుకు వచ్చేసింది, పెంకూ గట్టిపడింది. గాలి తగిలి ఆరడం వల్లేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: కొత్త జాతి కాదమ్మా, అప్పుడే కుబుసం విడిచిన మామూలు బొద్దింకే. చంపకుండా సీసాలో పెట్టి గమనించినందుకు చాలా సంతోషం.

గాలిలోని ఆక్సిజన్ కావాలి, నిజమే. కానీ గట్టిపడమని చెప్పేది ఒంట్లోని హార్మోన్. దీన్ని తేల్చిన ప్రయోగం నాకు ఎంతో ఇష్టం. 1962లో ఫ్రాంకెల్, షియావ్ అనే శాస్త్రవేత్తలు అప్పుడే ప్యూపా నుంచి బయటపడిన ఈగల మెడకు దారం బిగించి కట్టారు. గాలి అన్నిటికీ తగులుతూనే ఉంది. అయినా మెడ కట్టినవి పాలిపోయి మెత్తగానే ఉండిపోయాయి. గట్టిపడుతున్న ఈగ రక్తం వాటికి ఎక్కిస్తే అవీ రంగెక్కి గట్టిపడ్డాయి! మెదడు నుంచి సంకేతం అందితేనే నాడీమండలం ఆ హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. దాని పేరు బర్సికాన్. బొద్దింకల్లోనూ పనిచేసేది ఇదే.

ఆ తర్వాత జరిగేది రసాయనం. టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి డోపమిన్ తయారవుతుంది. దాన్నుంచి పుట్టిన పదార్థాలు పైపొరలోకి చేరి, అక్కడ ఆక్సిజన్‌తో క్వినోన్లు అనే చురుకైన రసాయనాలుగా మారతాయి. అవి పక్కపక్క ప్రొటీన్లను గట్టిగా ముడివేస్తాయి.

ఇంత ఏర్పాటు దేనికంటే, అదను కోసం. చాలా ఈగల ప్యూపాలు మట్టిలో ఉంటాయి. కొత్త ఈగ మట్టిని తొలుచుకుని, సందుల్లోంచి నలుగుతూ పైకి రావాలి. దారిలోనే పెంకు బిగుసుకుంటే అక్కడే ఇరుక్కుపోతుంది. అందుకే తవ్వుతున్నంతసేపూ హార్మోన్ విడుదల ఆగి ఉంటుంది. బయటపడ్డాకే గాలి మింగి ఒళ్ళు ఉబ్బిస్తుంది, ముడుచుకున్న రెక్కలు విప్పుతుంది, గట్టిపడుతుంది. ఈ హార్మోన్‌ను అందుకునే ప్రొటీన్ తాలూకు జన్యువు చెడిన డ్రోసోఫిలా (పండ్ల ఈగ) ఈగల్లో రెక్కలు ముడుచుకునే ఉండిపోతాయి, ఒళ్ళూ సరిగా గట్టిపడదు. మీ బొద్దింక కూడా మెత్తగా ఉన్న ఆ కాసేపట్లోనే గాలి మింగి సాగి ఉంటుంది. బిగిశాక పెంకు ఇక పెద్దగా సాగదు.

ఈసారి తెల్లది కనిపిస్తే చుట్టుపక్కల కుబుసం కూడా వెతకండి. దొరికితే రెండిటి పొడవూ పోల్చి చూడండి. ఆలస్యం మాత్రం చేయకండి, చాలాసార్లు బొద్దింకే దాన్ని తినేస్తుంది.