ఆర్కేడ్ క్యాబినెట్‌లో లైట్లకు, ఫ్యానుకు, స్పీకర్లకు కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలి?

పాత కంప్యూటర్‌ను ప్లైవుడ్ పెట్టెలో బిగించి ఆర్కేడ్ క్యాబినెట్ (వీడియో గేములు ఆడే పెట్టె) చేసుకున్నానని, మార్కీ (పెట్టె పైభాగాన వెలిగే పేరు బోర్డు) లైటుకు, వెలిగే బటన్లకు, ఫ్యానుకు, ఆంప్లిఫయర్‌కు తలా ఒక అడాప్టర్ కొని లోపల ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించవచ్చా అని మీరు అడిగారు. తగిలించవచ్చు, నేనూ మొదట అదే చేశాను. అయితే కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసినా మార్కీ వెలుగుతూనే ఉండేది. దాన్ని ఆర్పడానికి మా అబ్బాయి కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేయకుండానే ఏకంగా గోడ స్విచ్చునే కట్టేయడం అలవాటు చేసుకోవడంతో, ఆపరేటింగ్ సిస్టమ్‌ను రెండుసార్లు మళ్లీ ఎక్కించుకోవలసి వచ్చింది.

కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లో (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టెలో) సాధారణంగా ఖాళీగా ఉండే నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్ నుంచి లైట్లకు, ఫ్యానుకు కరెంటు తీసుకోవడం ఇంతకంటే మేలు. అందులో పసుపు తీగ 12 వోల్టులు, ఎరుపు తీగ 5 వోల్టులు, మధ్యనున్న రెండు నల్ల తీగలు గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి. కంప్యూటర్ ఆగగానే అవన్నీ వాటంతటవే ఆరిపోతాయి. కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లకు తీగలన్నీ నలుపే ఉంటాయి కాబట్టి మల్టీమీటర్‌తో చూడకుండా దేన్నీ కలపవద్దు. అసలు తీగను కోయకుండా, హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలాంటి చోట ఒక మోలెక్స్ స్ప్లిటర్ (ఒక కనెక్టర్‌ను రెండుగా చీల్చే తీగ) కొని దాన్నే కోసుకోండి.

లెక్క పెద్దదేమీ కాదు. మీటరుకు 60 దీపాలుండే 5050 రకం 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్ మీటరుకు 14.4 వాట్లు, అంటే 1.2 ఆంపియర్లు తీసుకుంటుంది. నా మార్కీకి 60 సెంటీమీటర్లు సరిపోయింది కనుక 0.72 ఆంపియర్లు. ఒక్కొక్కటి సుమారు 20 మిల్లీఆంపియర్లు తీసుకునే 14 బటన్లు, ఒక ఫ్యాను కలిపినా మొత్తం 1.2 ఆంపియర్లు దాటలేదు.

ఇంత తక్కువే కదా అని ఫ్యూజు పెట్టకపోవడం నేను చేసిన పెద్ద తప్పు. వెనుక తలుపుకు బందు బిగిస్తుండగా మర ఒకటి స్ట్రిప్‌తో వచ్చిన సన్నటి తీగల జంటలోకి దిగింది. షార్ట్ అయితే ఎస్‌ఎంపీఎస్ దానంతటదే ఆగిపోతుందని అప్పటిదాకా నమ్మేవాణ్ణి; అది ఆగలేదు, కాలిన వాసన వచ్చాక నేనే పరుగెత్తి ఆపాను. తీగ తొడుగు జానెడు మేర కరిగి ప్లైవుడ్‌కు అతుక్కుపోయింది. తరువాత ఆలోచిస్తే కారణం అర్థమైంది: నా ఎస్‌ఎంపీఎస్ 12 వోల్టుల వైపు 30 ఆంపియర్ల దాకా ఇవ్వగలదు, దాని రక్షణ అంతకు మించినప్పుడే పనిచేస్తుంది, కానీ ఆ సన్న తీగకున్న నిరోధం వల్ల షార్ట్ అయినా కరెంటు ఆ హద్దును చేరలేదు, తీగను కరిగించడానికి మాత్రం చాలింది. అందుచేత ఫ్యూజు విలువను తీగ మందాన్ని బట్టి ఎంచుకుని, మోలెక్స్ దగ్గరే, జానెడు దూరం దాటకుండా పసుపు తీగకు పెట్టండి. నేను బైకుల్లో వాడే బ్లేడ్ ఫ్యూజును, హోల్డర్‌తో సహా, 2 ఆంపియర్లది పెట్టాను.

ఆంప్లిఫయర్‌ను మాత్రం ఈ లైనుకు కలపకండి. కలిపినప్పుడు నా స్పీకర్లలో తెర మీద బొమ్మ కదిలినప్పుడల్లా స్థాయి మారే గురగుర వినబడేది. పవర్ నల్ల తీగ ద్వారా ఒకసారి, ఆడియో కేబుల్ ద్వారా మరొకసారి, గ్రౌండ్ రెండు దారుల్లో కలవడమే దానికి కారణం. ఆంప్లిఫయర్‌కు విడిగా రెండు పిన్నుల 12 వోల్టుల అడాప్టర్ పెట్టగానే ఆ మోత పోయింది. అది కూడా కంప్యూటర్‌తో పాటే ఆరాలంటే, 12 వోల్టుల రిలే (కాయిల్‌కు కరెంటు వస్తే కాంటాక్టులు కలిసే స్విచ్చు) తీసుకుని, దాని కాయిల్‌ను మోలెక్స్‌కు కలిపి, అడాప్టర్ నుంచి వచ్చే 12 వోల్టుల తీగను రిలే కాంటాక్టుల గుండా పంపండి. కాయిల్‌కు, కాంటాక్టులకు మధ్య విద్యుత్ సంబంధం ఉండదు కనుక గురగుర తిరిగి రాదు, 230 వోల్టుల తీగల జోలికీ వెళ్లనక్కరలేదు.

కంప్యూటర్ బదులు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు వాడేవారు లైట్లను దాని యూఎస్‌బీ నుంచి వెలిగించకుండా విడిగా ఒక 12 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ పెట్టుకోవాలి, పైకి అందే వోల్టేజి 4.63 కంటే తగ్గితే హెచ్చరికగా తెర మీద మెరుపు గుర్తు కనిపిస్తుంది.

మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్టులో ఎలాగోలా గుచ్చే ఇళ్లు మనకు ఇంకా ఉన్నాయి. ఎర్త్ లేకపోతే ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా స్వల్పంగా కరెంటు వచ్చి, దాని లోహపు ఒంటికి తగిలి ఉన్న కంట్రోల్ ప్యానెల్ మరలను ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. పిల్లలు ఆడే పెట్టె కాబట్టి మార్కీ కంటే ముందు ఆ సాకెట్టు సంగతి ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.