పోయిందనుకున్న మూకీ హోమ్స్

ప్ర: 1916 నాటి మూకీ ‘షెర్లాక్ హోమ్స్’ దాదాపు వందేళ్లకు దొరికిందట. దొరికింది అసలు ప్రింటేనా?

జ: కాదు. షికాగోలో ఎస్సనే కంపెనీ తీసిన సినిమా అది. నాటకంలో వెయ్యిసార్లకు పైగా హోమ్స్ వేషం కట్టిన విలియం జిలెట్, తెర మీద ఆ వేషంలో కనిపించింది ఇందులోనే. 2014లో పారిస్‌లోని సినిమా భాండాగారం సినిమాథెక్ ఫ్రాన్సేజ్ నిల్వల్లో బయటపడింది నైట్రేట్ (తేలిగ్గా అంటుకునే పాతకాలపు ఫిల్ము) డూప్ నెగటివ్, అంటే అక్కడి ప్రింట్ల కోసం తీసుకున్న నకలు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఫ్రాన్సులో నాలుగు భాగాల సీరియల్‌గా వదిలారు కనుక తెర మీద మాటలు చూపే టైటిల్ కార్డులన్నీ ఫ్రెంచిలోనే ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కో సైలెంట్ ఫిల్మ్ ఫెస్టివల్‌తో కలిసి బాగుచేసినప్పుడు వాటిని ఇంగ్లిషులోకి మళ్లించారు. అందుకు షికాగో హిస్టరీ మ్యూజియంలోని జిలెట్ రాతప్రతులు ఆసరా అయ్యాయి. అప్పట్లో నలుపు తెలుపు ప్రింట్లకు సీనుసీనుకూ రంగు అద్దేవారు, ఏ సీనుకు ఏ రంగో నెగటివ్ మీదే రాసి ఉంది. అది లేకపోతే రంగులన్నీ ఊహే అయ్యేవి. 2015 జనవరిలో పారిస్‌లో మళ్లీ ఆడింది.

ప్ర: మూకీల్లో మనుషులు పరుగెత్తుతున్నట్టు నడుస్తారెందుకు?

జ: ఆడించే స్పీడు తప్పు. 35 మి.మీ. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు, వెయ్యి అడుగుల రీలుకు 16,000. సెకనుకు 16 చొప్పున 16 నిమిషాల 40 సెకన్లు నడిచే రీలు, టాకీల 24 చొప్పున 11 నిమిషాల్లోనే అయిపోతుంది. అలాగని అన్నిటికీ 16 పెట్టినా కుదరదు. కెమెరా చేత్తో తిప్పేవారు, సీనుసీనుకూ స్పీడు మారేది.

ప్ర: మూతపడిన మా టాకీసులో తుప్పు డబ్బాల్లో రీళ్లున్నాయి. ఏం చేయాలి?

జ: ప్రొజెక్టరుకు మాత్రం ఎక్కించకండి. 1950ల మొదటి దాకా 35 మి.మీ. ఫిల్ము ఎక్కువగా నైట్రేటే. అంచున ‘నైట్రేట్’ అనో ‘సేఫ్టీ’ (తేలిగ్గా అంటుకోనిది) అనో చూడండి. ఆ ముద్రనూ పూర్తిగా నమ్మలేం, నకలు తీసేటప్పుడు పాత ఫిల్ము అంచు అక్షరాలు కూడా దిగిపోతాయి. వెనిగర్ వాసన కొడితే అది సేఫ్టీ రకమైన అసిటేటు, నిప్పు భయం తక్కువ. బొమ్మ వెలిసి, జిగురు పట్టి, పైన నురగలా బుడగలు తేలితే నైట్రేటు కుళ్లుతోందని అర్థం. అప్పుడు చుట్ట విప్పితే పొరలు ఊడొస్తాయి. గోధుమరంగు పొడి దశకు వస్తే తాకనే తాకవద్దు. బాగా కుళ్లినది 40 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు, మన వేసవికి అదెంత! కాలేటప్పుడు ఆక్సిజన్ తనే పుట్టించుకుంటుంది గనుక నీళ్లకూ ఇసుకకూ ఆగదు.

ప్లాస్టిక్ సంచుల్లో బిగించవద్దు, వాయువులు లోపలే నిలిచి కుళ్లు పెంచుతాయి. చల్లగా, గాలాడే చోట, మనుషులకు దూరంగా ఉంచి, డబ్బాల ఫొటోలతో పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కు రాయండి. కొరియరులో వేయవద్దు. లేబుల్ చూసి పనికిరానిదని పారేయనూ వద్దు, ఒక పేరున్న డబ్బాలో మరో సినిమా ఉండటం మామూలే. మన తెలుగువారి పాత మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ రీళ్లు ఇంకా దొరకలేదు.