మార్కుల్లో కనిపించని తెలివి ఎలా ఉంటుంది?

నేర్పిన పద్ధతిని గుర్తుంచుకుని అప్పజెప్పడం ఒక సామర్థ్యం. ఎదురుగా ఉన్న సమస్యను తెలిసిన ముక్కలుగా విడగొట్టి తేల్చడం, వచ్చిన జవాబు పొసగుతుందో లేదో చూసుకోవడం ఇంకొకటి. తెలివి అంటే ప్రధానంగా ఈ రెండోదే.

బ్రెజిల్‌లోని రెసీఫెలో, వీధుల్లో సరుకు అమ్మే పిల్లలపై మనస్తత్వ శాస్త్రవేత్త టెరెజిన్యా కరాహెర్ బృందం చేసిన అధ్యయనం 1985లో వెలువడింది. కొనేవాళ్లలా వెళ్లి అడిగిన లెక్కల్లో పిల్లలు 98 శాతం సరిగ్గా చెప్పారు. అవే అంకెలతో ఉత్త గుణకారాలు, కూడికలు ఇస్తే సరైనవి 37 శాతమే.

ఒక ఉదాహరణ చూడండి. కొబ్బరికాయ 35 క్రుజేరోలు (అప్పటి బ్రెజిల్ డబ్బు), నాలుగింటికి ఎంత? కాయలు అమ్మే చిన్నారి మూడింటికి 105 అనుకుని, 30 కలిపి 135, ఇంకో 5 కలిపి 140 అని చెప్పింది. 35×4గా రాయమంటే వచ్చింది 200! నాలుగైదులు ఇరవై, చేతిలో 2 అనేదాకా సరే. ఆ 2ని 3కి ముందే కలిపేసి, అలా వచ్చిన 5ని 4తో గుణించింది. ముందు 4×3=12 చేసి, తర్వాత 2 కలపాలి. మూడు కాయలు 105 అయినప్పుడు నాలుగు 200 ఎలా అవుతాయన్న అనుమానం బండి దగ్గర వెంటనే వస్తుంది. కాగితం మీద అంకెల వెనక కాయలు లేవు.

పిల్లల్లో ఈ తెలివిని చూడాలంటే, లెక్క మొదలుపెట్టక ముందే జవాబు ఉజ్జాయింపుగా అడగండి. చేశాక మరో దారిలో చేయమనండి. అయితే 147×38 లాంటివి ముక్కలు చేసుకుంటూ నోటితో చేయడం కష్టం, అక్కడ బడి పద్ధతే కావాలి.