మ్యూజియం కారుకి పట్టని తుప్పు భీమవరం అంబాసిడర్‌కి ఎందుకు పడుతుంది?

తేడా కారు కంపెనీలో లేదు, కారు చుట్టూ ఉన్న గాలిలో ఉంది. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో 2006లో తెరిచిన మెర్సిడెస్-బెంజ్ మ్యూజియంలో 160 దాకా వాహనాలు కదలకుండానే మెరుస్తుంటాయి. అలాంటి చోట్ల గాలిలో తేమను అదుపులో పెడతారు. తేమ సుమారు 60 శాతం దాటితే ఇనుము మీద కంటికి కనపడని నీటిపొర నిలిచి తుప్పు వేగం పుంజుకుంటుంది. ఉప్పు తోడైతే ఇంకా తక్కువ తేమకే మొదలవుతుంది. కాలవలు, చేపల చెరువులు, దగ్గర్లోనే సముద్రం ఉన్న గోదావరి డెల్టాలో ఈ రెండింటికీ కొదవ లేదు.

షెడ్డులో ఉన్న అంబాసిడర్‌నే చూడండి. పైన పెయింట్ బాగానే ఉంటుంది. రబ్బరు మ్యాట్ ఎత్తితే ఫ్లోర్ రేకు పొరలు పొరలుగా లేచి వస్తుంది. తలుపు అడుగున నీళ్లు పోయే చిల్లులు మట్టితో పూడుకుపోతే అక్కడా అంతే.

చాలామంది ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పేసి నిశ్చింతగా ఉంటారు. అది వానను ఆపుతుంది గానీ నేలలోంచి లేచే ఆవిరిని లోపలే బంధిస్తుంది. షెడ్డు కింద ఉన్న బండికైతే దానికంటే ఏమీ కప్పకపోవడమే మేలు. గాలాడే గుడ్డ కవరు ఇంకా నయం. వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం కూడా మంచిది కాదు. సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు, పొగలోని నీరు అందులోనే మిగిలిపోతుంది.