దక్షిణ కొరియా బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరబోతున్న శ్రావ్యకి

శ్రావ్యా,

మీ అమ్మకి నీ తిండి బెంగ, మీ నాన్నకి ఉత్తర కొరియా బెంగ. నాన్న సంగతి ఫోన్లో నేను చూసుకుంటాలే. తిండి గురించి కింద రాస్తాను. ముందు బడి.

నువ్వు ఈపిక్, అంటే విదేశీ ఇంగ్లీషు టీచర్లని తీసుకునే అక్కడి ప్రభుత్వ పథకం, ద్వారా ప్రభుత్వ బడికే ఒప్పుకోవడం మంచి పనైంది. హాగ్వాన్లు, అంటే అక్కడి ప్రైవేటు ట్యూషన్ సెంటర్లు, అన్నీ చెడ్డవని అనను. కానీ ఏడాది పనిచేసి మానేసేవాళ్ళకి ఒక నెల జీతం అదనంగా ఇవ్వాలని అక్కడి చట్టం. అది ఎగ్గొట్టడానికి పదకొండో నెలలో ఏదో వంక పెట్టి ఇంటికి పంపేసిన చోట్లు ఉన్నాయి. దరఖాస్తుతో పాటు ఫోటో ఎందుకు అడుగుతారో కూడా నీకు నేను చెప్పక్కర్లేదు, మొహం, రంగు చూడ్డానికే. నీ స్నేహితురాలు హాగ్వాన్‌కే వెళ్తానంటోందిగా, కాంట్రాక్టులో పెన్షను, ఆరోగ్య బీమా ఉన్నాయో లేవో చూసుకునే సంతకం పెట్టమను.

ప్రాథమిక బడిలో ఇంగ్లీషు మూడో తరగతి నుంచి మొదలవుతుంది. పీరియడు 40 నిమిషాలు, వారానికి 22 పీరియడ్ల దాకా ఇస్తారు. మిగతా సమయం బల్ల దగ్గర కూర్చోవాలి, సెలవుల్లో పిల్లలు ఒక్కరూ రాకపోయినా సరే. పుస్తకాలు పట్టుకెళ్ళు. పల్లెటూరు పడితే రెండు మూడు బళ్ళకి తిరగాల్సి రావచ్చు. 2023లో అక్కడి సంతాన రేటు, అంటే ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు, 0.72. ఊళ్ళలో తరగతికి నలుగురైదుగురు పిల్లలున్నా ఆశ్చర్యపోకు.

తరగతిలో నీతో పాటు ఒక కొరియన్ టీచరు ఉంటారు. నీ ఏడాది ఎలా గడుస్తుందన్నది సగం ఆవిడ చేతిలోనే ఉంది. బ్యాంకు ఖాతా, గ్యాసు బిల్లు, 90 రోజుల్లోపు తీసుకోవాల్సిన విదేశీయుల కార్డు, అన్నిటికీ తన పనులు మానుకుని ఆవిడే నీ వెంట తిరగాలి. పిల్లల ముందు ఆవిడ ఇంగ్లీషు ఎప్పుడూ దిద్దకు. పాఠం ముందురోజే ఆవిడకి చూపించు. వయసులో పెద్దదైతే ఏ కాగితమైనా రెండు చేతులతో ఇవ్వు, అది నీకు కొత్తేమీ కాదు.

ఇక అసలు సంగతి. సాధారణంగా మార్కులు నీ చేతిలో ఉండవు. కొత్తలో అది చాలామందికి చిన్నతనంగా అనిపిస్తుంది, 'నేనేం టీచర్ని' అని. నన్నడిగితే నీకున్న బలమే అది. ఆ పిల్లలు బడి అయ్యాక ఒక హాగ్వాన్ నుంచి ఇంకో హాగ్వాన్‌కి పోతారు. సియోల్లో రాత్రి 10 దాటితే హాగ్వాన్లు మూసెయ్యాలని నిబంధన పెట్టాల్సి వచ్చిందంటే చూడు. మన కార్పొరేట్ కాలేజీల్లో ఇంటర్ చదివిన మీ అన్నయ్య మొహం గుర్తుంది కదా, అక్కడ ఆ మొహం అయిదో తరగతిలోనే కనిపిస్తుంది. ప్రతి నవంబర్లో సునుంగ్ అనే యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష జరుగుతుంది. అందులో ఇంగ్లీషు వినే భాగం నడుస్తున్నంతసేపూ దేశమంతటా విమానాల్ని పైకి లేవనివ్వరు, కిందికి దిగనివ్వరు. ఇంగ్లీషంటే వాళ్ళకి అంత భయం. తప్పు మాట్లాడినా మార్కు పోని ఒకే ఒక్క చోటు నీ పీరియడు. దాన్ని ఇంకో పరీక్షగా మార్చకు.

ప్రశ్న వేస్తే ఆరో తరగతివాళ్ళు బల్ల వైపు చూస్తూ కూర్చుంటారు. జవాబు తెలియక కాదు, అందరిలో ఒక్కళ్ళే లేచి తప్పు చెప్పడం ఇష్టంలేక. పేరు పెట్టి లేపకు. ముందు జంటలుగా మాట్లాడుకోనివ్వు, తర్వాత కవి-బవి-బో ఆడించు. రాయి-కాగితం-కత్తెర ఆటే అది. ఓడినవాళ్ళు చెప్పాలంటే ఎవరికీ నామోషీ ఉండదు, నవ్వుకుంటూ లేస్తారు. మాటల చివర అచ్చు తగిలిస్తారు, 'బస్' అనలేక 'బస్సు'లాగే అంటారు. నీకా బస్సు అలవాటే కాబట్టి ఓపికగా దిద్దగలవు.

కాగితాలు దిద్దేటప్పుడు జాగ్రత్త. అక్కడ ఒప్పుకి సున్నా చుడతారు, తప్పుకి గీత గీస్తారు. మనం పెట్టే టిక్కు చూసి పిల్ల తప్పు రాశాననుకుంటుంది. ఎర్రసిరాతో ఎవరి పేరూ రాయకు, చావుకి ముడిపెడతారు.

వయసెంత, పెళ్ళయిందా అని మొదటిరోజే అడుగుతారు. చెయ్యి పట్టుకుని ఎందుకింత నల్లగా ఉన్నావని కూడా ఒకరిద్దరు అడుగుతారు. పక్కనున్న టీచరు సిగ్గుపడి మాట మార్చబోతుంది. మార్చనివ్వకు. మా అమ్మా నాన్నా ఇదే రంగు, మా ఊళ్ళో అందరం ఇంతే అని మామూలుగా చెప్పు. పిల్లలకి అది చాలు. పెద్దవాళ్ళు అంటే మాత్రం ఊరుకోనక్కర్లేదు.

తిండి. నువ్వు మాంసం, చేపలు ముట్టవు కాబట్టి కష్టమే. బడి భోజనం మెనూలో ప్రతి వంటకం పక్కన చిన్న అంకెలుంటాయి, ఎలర్జీల కోసం. 9 రొయ్య, 10 పంది, 15 కోడి, 16 గొడ్డుమాంసం. ముందు అవి బట్టీపట్టు. కానీ ఆ జాబితాలో నెత్తళ్ళు లేవు. చాలా పులుసులు ఎండు నెత్తళ్ళు కాచిన నీళ్ళతోనే చేస్తారు, కిమ్చి అనే వాళ్ళ ఊరగాయలో ఉప్పు రొయ్యలో చేపల రసమో పడుతుంది. అంకె లేదని నమ్మి తాగకు, వంటావిడని అడిగించు. డబ్బా కట్టుకెళ్తానంటే భోజనం వద్దని నెల మొదట్లోనే చెప్పెయ్.

మే 15న టీచర్స్ డే. 2016లో వచ్చిన లంచాల చట్టం తర్వాత పిల్లలిచ్చే కాఫీ డబ్బా కూడా తీసుకోకూడదు. వాళ్ళు గీసిన బొమ్మలు తీసుకుని దాచుకో. తల్లులు ఇంటికొచ్చి ట్యూషను చెప్పమంటారు, డబ్బు బాగానే ఇస్తామంటారు. నీకిచ్చే ఈ-2 వీసా, అంటే విదేశీ భాషా టీచర్ల వీసా, మీద అది నేరం, దేశం నుంచి పంపేస్తారు. వీసా సందేహాలకి 1345, జీతం గొడవలకి 1350, రెండు నంబర్లూ ఫోన్లో వేసుకో.

డాలస్ నుంచి మిక్సీ తీసుకెళ్ళకు, అక్కడ కరెంటు 220 వోల్టులు, కాలిపోతుంది. ఇక్కడ నేను కొని పంపిస్తాను, ప్లగ్గుకి ఎడాప్టరు నువ్వు చూసుకో. కందిపప్పు మొయ్యకు, సియోల్లోని ఇతెవాన్లో దొరుకుతుంది. బళ్ళో చెప్పులు మార్చుకోవాలి కాబట్టి లోపల వేసుకునే జోడు ఒకటి పెట్టుకో.

మీ పిన్ని